పొట్ట విప్పితే... సముద్రం గుట్టు!

ఐరోపాలోని ఉత్తర సముద్ర తీరంలో కొందరు సంచులు పట్టుకుని ఇసుకలో వెతుకుతూ కనిపిస్తారు. గవ్వల కోసం కాదు, చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన పక్షుల కోసం. వాళ్లకు కావాల్సింది ఫుల్మార్. చూడ్డానికి సీగల్‌లా ఉంటుందిగానీ ఆ జాతి కాదు. ఎవరైనా దగ్గరికెళితే పొట్టలోని కంపునూనెను ముఖమ్మీదికి ఊస్తుంది. దాని పేరుకి అర్థమే ‘కంపు సీగల్’! అలాంటి పక్షిని ఫ్రీజర్లో భద్రంగా దాచి మరీ ల్యాబ్‌కి పంపుతారు.

ఈ పని 1980ల్లోనే నెదర్లాండ్స్‌లో మొదలైంది. దీన్ని ముందుండి నడిపింది యాన్ వాన్ ఫ్రానెకర్ అనే శాస్త్రవేత్త. అన్ని పక్షులుండగా ఫుల్మారే ఎందుకంటే... అది తినేదంతా సముద్రంలోనే. చేపలు, స్క్విడ్‌లు, పడవలవాళ్లు పారేసిన చేపల వ్యర్థాలు- నీటిమీద తేలేది ఏదైనా సరే. ప్లాస్టిక్ ముక్కనీ వదలదు. సీగల్ అయితే అరగనివాటిని ఉండలా కక్కేస్తుంది. ఫుల్మార్‌కి ఆ అలవాటు లేదు. దాంతో అవి కందనకాయలో (మన కోడికుండేలాంటిదే) నలిగి చిన్నవయ్యేదాకా పొట్టలోనే ఉంటాయి.

ల్యాబ్‌లో పొట్టలోని సరుకును జల్లెడలో కడిగి, ప్లాస్టిక్‌ని ఏరి తూస్తారు. జబ్బుపడి ఏది దొరికితే అది తిన్న పక్షులే ఒడ్డుకొస్తాయేమో అన్న అనుమానం రావడం సహజం. దాన్నీ పరీక్షించారు. చిక్కిశల్యమై చచ్చినవాటికీ, పుష్టిగా ఉండి హఠాత్తుగా పోయినవాటికీ ప్లాస్టిక్‌లో పెద్ద తేడా లేదని తేలింది. వయసుని బట్టి మాత్రం తేడా ఉంది. పిల్లపక్షుల్లోనే ఎక్కువ!

2003-07 మధ్య 1,295 పక్షుల్ని చూస్తే 95 శాతం పొట్టల్లో ప్లాస్టిక్ ఉంది. సగటున 35 ముక్కలు, 0.31 గ్రాములు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ పక్షి బరువు కిలో కూడా ఉండదు. మనిషి లెక్కన చూస్తే దాదాపు 30 గ్రాముల ప్లాస్టిక్‌ని పొట్టలో మోస్తున్నట్టు!

ఈశాన్య అట్లాంటిక్ రక్షణకు ఐరోపా దేశాలు చేసుకున్న ఓస్పార్ ఒప్పందం ఈ పొట్టనే కొలబద్దగా తీసుకుంది. 0.1 గ్రాము... అంటే నాలుగైదు బియ్యపుగింజలంత. అంతకు మించి ప్లాస్టిక్ ఉన్న పక్షులు పది శాతం దాటకూడదన్నది లక్ష్యం. 2003-07లో అవి 58 శాతం. 2014-18 నాటికి 51 శాతం.

ఫలితమే లేదనుకోనక్కర్లేదు. ఫ్యాక్టరీలు ముడిసరుకుగా వాడే ప్లాస్టిక్ గుళికలు 1980లతో పోలిస్తే 1990ల్లో డచ్ పక్షుల పొట్టల్లో దాదాపు సగానికి తగ్గాయి. అయితే అదే కాలంలో ఇంకో రకం పెరిగింది: సంచులు, సీసా మూతలు, తాళ్లు, ఫోమ్... అంటే జనం వాడి పారేసినవి.