ఒక పియానో, నాలుగు చేతులు

పియానోకు 88 మెట్లుంటాయి. ఆ ఒక్క వాద్యం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చుని వాయించడం పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో స్థిరపడిన పద్ధతి. కుడివైపు కూర్చున్నవారిది పై స్థాయి, దాన్ని ప్రీమో అంటారు. ఎడమవైపు వారిది కింది స్థాయి, అది సెకండో. నాదాన్ని నిలిపి ఉంచే పెడల్ ఇద్దరికీ ఒక్కటే కాబట్టి, దాన్ని సాధారణంగా సెకండో వాయించేవారే తొక్కుతారు. మధ్యలో ఇద్దరి చేతులూ దాదాపు తగులుకుంటాయి. ఒకరు వదిలిన మెట్టునే మరుక్షణం రెండోవారు నొక్కాల్సి వస్తుంది. వదలడం ఆలస్యమైతే ఆ స్వరం పలకదు. తన వంతు ఎంత బాగా వాయించినా, పక్కవారిని వినకపోతే పాట నిలబడదు. సంగీతం నేర్చుకునే ప్రతి పిల్లవాడికీ, గోదావరిఖని, రామగుండం వంటి బొగ్గు పట్టణాల పిల్లలతో సహా, ఈ శిక్షణ అందాలన్నది నా వాదన.

ఈ సంగీతం పెరిగింది పెద్ద సభల్లో కన్నా ఇళ్లలోనే ఎక్కువ. మొజార్ట్ చిన్నతనంలో, 1765లో లండన్‌లో, అక్కతో కలిసి ఒకే వాద్యం మీద వాయించాడు. 19వ శతాబ్దంలో ఆర్కెస్ట్రా వినే అవకాశం పెద్ద నగరాలవారికే ఉండేది. అందుకే ప్రచురణకర్తలు సింఫనీలను నాలుగు చేతులకు కుదించి అచ్చువేశారు. బీథోవెన్ సింఫనీలు ఎన్నో ఇళ్లకు చేరింది ఆ పుస్తకాల ద్వారానే. బ్రామ్స్ 1869లో వెలువరించిన హంగేరియన్ నృత్యాలు, డ్వోరాక్ 1878 నాటి స్లావిక్ నృత్యాలు కూడా మొదట ఇలా ఇద్దరి కోసం రాసినవే.

ఫోన్‌లో ఏ సింఫనీ అయినా దొరికే ఈ రోజుల్లో ఇదెందుకని అడగవచ్చు. ఆర్కెస్ట్రాకు బదులుగా రాసిన కుదింపుల వరకే ఆ ప్రశ్న చెల్లుతుంది. షూబర్ట్ 1828లో, తన చివరి ఏడాదిలో, రాసిన ఎఫ్ మైనర్ ఫాంటసియా దేనికీ కుదింపు కాదు. సెకండో మెల్లగా ఊగే లయను పరుస్తుంది, దాని మీద ప్రీమో విషాదభరితమైన వరసను ఎత్తుకుంటుంది. చివర్లో ఆ వరసే తిరిగి వచ్చేసరికి దాని బరువు పెరిగి ఉంటుంది. రావెల్ అయితే తన మిత్రుల ఇద్దరు పిల్లల కోసమే ‘మా మేర్ ల్వా’ రాశాడు. అందులో మొదటి భాగం కేవలం 20 ఆవర్తాలు. 1910లో దాన్ని తొలిసారి వేదిక మీద వాయించినవారూ చిన్న అమ్మాయిలే. గొప్ప సంగీతం పిల్లల చేతికి అందుతుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

మెట్ల వాద్యం మీద గమకం పలకదు, మనకెందుకన్నది మరో అభ్యంతరం. గమకం మాట నిజమే. ఆ కారణం కూడా చూపి ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది, 1971 దాకా సడలించలేదు. అయినా మన పద్యనాటకం, భజన దాన్ని వదల్లేదు. ఒక వాద్యం అన్నీ చేయలేకపోయినా, చేయగలిగినదాని కోసం దాన్ని ఉంచుకోవచ్చు. ఇక పియానో ఖరీదు సంగతి. అయిదు స్థాయిలున్న 61 మెట్ల కీబోర్డు మీద షూబర్ట్ పట్టడు గానీ, ఇద్దరు పిల్లలకు సరిపడే చిన్న పాఠాలు పడతాయి. ఇక పక్కవారిని గమనించే అలవాటు సంగతి. భూగర్భ గనిలో పక్కవాడి కదలికను గమనించకుండా పని సాగదని బొగ్గుబాయి కుటుంబాలకు ఒకరు చెప్పనక్కర్లేదు. పోటీల కోసం ఒక్కొక్కరినే తయారుచేసే సంగీత పాఠాల్లో ఆ గమనింపుకు చోటు తక్కువ. సింగరేణి బొగ్గు సంస్థ పాఠశాలలైనా, వీధిలోని కీబోర్డు తరగతులైనా వారానికి ఒక్క పాఠం ఇద్దరిని కలిపి కూర్చోబెట్టి నేర్పాలి. దానికి కొత్తగా కొనాల్సిందేమీ లేదు, ఇంకో కుర్చీ వేస్తే చాలు.