మాండ్రియాన్ గీసిందేది? మెషీన్ గీసిందేది?

రెండు బొమ్మలు పక్కపక్కన ఉన్నాయనుకోండి. రెండింట్లోనూ తెల్లటి నేల మీద గుండ్రంగా పరుచుకున్న పొట్టి పొట్టి నల్ల గీతలే. కొన్ని అడ్డం, కొన్ని నిలువు, కొన్ని కలిసిపోయి ప్లస్ గుర్తులు. ఒకటి మనిషి వేసింది, ఇంకోటి కంప్యూటర్ వేసింది. ఏది ఎవరిదో చెప్పగలరా?

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మైకేల్ నోల్ అనే ఇంజినీర్ 1960ల్లో 100 మందిని ఇదే అడిగాడు. కంప్యూటర్ బొమ్మను సరిగ్గా గుర్తుపట్టింది 28 శాతమే. ఏది నచ్చిందని అడిగితే 59 శాతం కంప్యూటర్ బొమ్మకే ఓటేశారు!

ఓడిపోయిన బొమ్మ చిన్నదేం కాదు. డచ్ చిత్రకారుడు పీట్ మాండ్రియాన్ 1917లో పూర్తిచేసిన ఆయిల్ పెయింటింగ్, 'కంపోజిషన్ విత్ లైన్స్'. ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని ఒటర్లోలో, క్రోలర్ ముల్లర్ మ్యూజియంలో ఉంది.

ఈమధ్య ఫైనలియర్ జూనియర్ ఒకడు "అన్నా, కోడ్ మొత్తం ఏఐ రాసేస్తుంటే ఇక మనల్నెవడు తీసుకుంటాడు?" అని మెసేజ్ పెట్టాడు. నాకు ఈ బొమ్మే గుర్తొచ్చింది.

నోల్ ప్రోగ్రామ్ ఎలా పనిచేసిందో చూడండి. ఒక వృత్తం లోపల రాండమ్‌గా చోటు ఎంచుకుంటుంది. అక్కడ అడ్డమో నిలువో ఓ గీత పెడుతుంది. పొడవు, మందం కూడా కొన్ని పరిమితుల్లో రాండమే. కానీ పైభాగంలో ఒక పారాబోలా ఉంది. గీత అందులో పడితే పొడవు తగ్గిపోతుంది. ఆ పారాబోలా ఎక్కడిది? మాండ్రియాన్ బొమ్మను చూసి నోల్ రాసుకున్న రూలది. పోలిక వచ్చేదాకా నంబర్లు మార్చి మార్చి చూశాడు.

మరి మాండ్రియాన్‌కి ఆ గీతలు ఎక్కడివి? 1914లో తండ్రికి ఒంట్లో బాగాలేదని పారిస్ నుంచి స్వదేశానికి వచ్చాడు. ఈలోగా మొదటి ప్రపంచ యుద్ధం మొదలై అక్కడే ఇరుక్కుపోయాడు. అప్పటికి వయసు 42. (స్థిరమైన ఉద్యోగమా? లేదు. మ్యూజియం బొమ్మలకు నకళ్లు, డ్రాయింగ్ ట్యూషన్లు, బ్యాక్టీరియా బొమ్మలు... ఏది దొరికితే అది చేశాడు.) డోంబర్గ్ తీరంలో అలల్ని, సముద్రంలోకి చొచ్చుకెళ్లే కట్టనీ స్కెచ్‌లు వేస్తూ పోయాడు. వేసేకొద్దీ సముద్రం మాయమై అడ్డం, నిలువు గీతలే మిగిలాయి. 1917 నాటి బొమ్మ కూడా ఒక్కసారిలో తేలలేదు. ఒక రూపానికి తెచ్చాక దాని మీదే మళ్లీ పనిచేశాడు. అందుకే పేరులో 'రెండో దశ' అనీ ఉంటుంది. మన భాషలో వెర్షన్ 2.

జనం ఎందుకు పొరబడ్డారు? మాండ్రియాన్ గీతలు పద్ధతిగా ఉన్నాయి, నోల్‌వి చెల్లాచెదురుగా. పద్ధతిగా ఉంటే మెషీన్‌దే అయ్యుంటుందని చాలామంది అనుకున్నారు. పైగా చూపించింది కాపీలే. నూనె రంగు, కుంచె జాడ వాటిలో ఎక్కడ కనిపిస్తాయి? నాకైతే అది కాస్త అన్యాయమే అనిపిస్తుంది. అయినా సాకులు వద్దు. ఫలితం ఒక్కటే చూస్తే గెలిచింది ప్రోగ్రామే.

కానీ ఇంటర్వ్యూలో ఫలితం ఒక్కటే చూడరు. ఆ దెబ్బ నేనూ తిన్నాను. నా ఫైనలియర్ ప్రాజెక్ట్ ముఖాల్ని గుర్తుపట్టేది. కోడ్ సగం నెట్‌లోంచి దింపిందే. డెమో బ్రహ్మాండంగా నడిచింది. ప్యానెల్‌లో ఒకాయన స్క్రీన్ మీద వేలుపెట్టి "ఈ 0.6 ఎందుకు?" అన్నాడు. 0.5 పెడితే ఏమవుతుందో నేనెప్పుడూ చూడలేదు. మాటరాలేదు. అక్కడితో అయిపోయింది. నోల్‌ని అదే ప్రశ్న అడిగితే? తన ప్రతి నంబర్‌కీ కథ చెప్పగలిగేవాడు.

జూనియర్‌కి ఇదంతా చెప్పి, "నీ ప్రాజెక్ట్‌లో ఏఐ రాసిన ఒక ఫైల్ తీసుకో. ప్రతి నంబర్ పక్కన ఎందుకో కామెంట్ రాసి పంపు" అన్నాను. మూడు రోజులకు పంపాడు. పదకొండు నంబర్లలో నాలుగింటికి రాశాడు. మిగతా ఏడింటి పక్కన ప్రశ్నార్థకాలు.

"ఇంకో వారం టైమివ్వన్నా" అన్నాడు.