తూకపు రాళ్లకు తూకం

అంగట్లో సరుకు తూచే రాళ్లను ఎప్పుడైనా తిరగేసి చూశారా? వాటిమీద ఒక ముద్ర ఉంటుంది. తూనికలు, కొలతల శాఖవారు ఆ రాళ్లను నమ్మకమైన రాళ్లతో పోల్చిచూసి, తేడా లేకపోతేనే ఆ ముద్ర వేస్తారు. ముద్ర లేని రాయితో తూస్తే కొనేవాడు నష్టపోవచ్చు.

పిల్లల చదువును తూచే రాళ్లు కూడా ఉన్నాయి. అవే పరీక్షలు. మరి ఆ రాళ్లను తూచేదెవరు? ఈ ప్రశ్నకు అమెరికాలో జరిగే "శాట్" అనే పరీక్ష కథ మంచి సమాధానం చెబుతుంది. అక్కడ స్థిరపడిన తెలుగువారి పిల్లలు అనేకమంది ఈ పరీక్ష రాస్తారు. ఇక్కడ ఇంటర్మీడియెట్ చదివి, డిగ్రీకి అమెరికా వెళ్లదలచిన వారు కూడా కొందరు రాస్తారు.

మనకు ఇంటర్మీడియెట్ బోర్డు పరీక్ష ఉన్నట్టుగా అమెరికాలో దేశమంతటికీ ఒక పరీక్ష లేదు. ఏ బడి మార్కులు ఆ బడివే. ఒక బడిలో 90 మార్కులు తెచ్చుకోవటం సులువు, మరొక బడిలో 70 రావటమే గగనం. ఇద్దరూ ఒకే కాలేజీకి దరఖాస్తు పెడితే ఎవరికి చోటివ్వాలి? ఈ చిక్కు తీర్చటానికి అందరికీ ఒకే తీరు ప్రశ్నలు, ఒకే వ్యవధి, మార్కులకు ఒకే పద్ధతి ఉండే పరీక్ష కావలసివచ్చింది. దీనినే ప్రామాణిక పరీక్ష అంటారు.

కాలేజీ బోర్డు అనే సంస్థ 1901లో మొదటిసారి ఉమ్మడి పరీక్షలు జరిపింది. వెయ్యికి లోపు విద్యార్థులు రాశారు. అప్పుడు జవాబులను వ్యాసాలుగా రాయాలి. వ్యాసాలు దిద్దటంలో ఉండే చిక్కు ఏమిటో ఉపాధ్యాయులకు బాగా తెలుసు. ఒకే వ్యాసానికి ఒకరు 12 మార్కులు, మరొకరు 16 మార్కులు వేయగా నేను చాలాసార్లు చూశాను.

ఇంతలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. 1917లో అమెరికా సైన్యంలో లక్షలాది మంది చేరారు. ఎవరిని ఏ పనిలో పెట్టాలో తేల్చటానికి మనస్తత్వ శాస్త్రజ్ఞులు చిన్న చిన్న ప్రశ్నలతో ఒక పరీక్ష తయారుచేశారు. వారితో పనిచేసిన కార్ల్ బ్రిగమ్ అనే ఆచార్యుడే తరవాత ఆ పద్ధతిలో కాలేజీ బోర్డుకు "శాట్" తయారుచేసిపెట్టాడు. 1926 జూన్ 23న సుమారు 8,000 మంది దానిని రాశారు. 97 నిమిషాలలో 315 ప్రశ్నలు! లెక్క కట్టండి, ఒక్కొక్క ప్రశ్నకు 19 సెకన్లయినా లేవు.

ఈ బ్రిగమ్ 1923లో ఒక పుస్తకం రాశాడు. సైనికుల మార్కులు చూపించి, కొన్ని జాతులవారికి పుట్టుకతోనే తెలివి తక్కువని అందులో వాదించాడు. కాని ఆ సైనికులలో చాలామందికి ఇంగ్లీషు సరిగా రాదు, కొత్తగా వచ్చినవారికి ఆ దేశపు ఆచారాలే తెలియవు. ఆ పరీక్ష తూచింది తెలివిని కాదు, భాషను, అలవాటును. 1930లో బ్రిగమే ఈ సంగతి గ్రహించి, తన వాదానికి పునాది లేదని స్వయంగా అచ్చువేసి చెప్పాడు. తన రాయిని తానే తూచి, పక్కన పెట్టాడన్నమాట.

లక్షలమంది జవాబులు దిద్దటానికి మనుషులు చాలరు. ఇక్కడ ఒక బడిపంతులు అక్కరకు వచ్చాడు. రెనాల్డ్ జాన్సన్ అనే ఆయన మిషిగన్ రాష్ట్రంలో సైన్సు పాఠాలు చెప్పేవాడు. పెన్సిల్‌లో ఉండే నల్లని గ్రాఫైటు గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది. అందుచేత సరైన చోట పెన్సిల్ గీత ఉంటే విద్యుత్తు పారుతుంది, లేకపోతే పారదు. ఈ సూత్రంతో ఆయన కనిపెట్టిన యంత్రాన్ని ఐ.బి.ఎం. సంస్థ 1938లో అమ్మకానికి తెచ్చింది.

యంత్రం పక్షపాతం లేకుండా దిద్దుతుంది. కాని ప్రశ్నే తప్పయితే? 1982 మే నెలలో అదే జరిగింది. ఆనాటి "శాట్"లో ఇలా అడిగారు: చిన్న వృత్తం వ్యాసార్ధం పెద్ద వృత్తం వ్యాసార్ధంలో మూడోవంతు. పెద్దదాని అంచు మీద చిన్నది దొర్లుతూ ఒక చుట్టు తిరిగి, బయలుదేరిన చోటికి వచ్చేసరికి అది తన చుట్టూ తాను ఎన్నిసార్లు తిరుగుతుంది?

చుట్టుకొలత మూడింతలు గనక జవాబు 3 అని ప్రశ్న తయారుచేసినవారు అనుకున్నారు. నిజమేనా? రెండు ఒకే రకం రూపాయి బిళ్లలు తీసుకోండి. ఒకదాన్ని బల్లమీద కదలకుండా నొక్కిపట్టి, రెండోదాన్ని దాని నెత్తిన ఆనించి, జారకుండా అంచు వెంట దొర్లించండి. చుట్టుకొలతలు సమానం గనక ఒక్కసారే తిరుగుతుందని తోస్తుంది. కాని కిందికి, అంటే సగం దూరం వచ్చేసరికే, బిళ్ల మీది బొమ్మ మళ్లీ నిటారుగా నిలబడుతుంది! పూర్తిగా చుట్టివచ్చేసరికి రెండుసార్లు తిరుగుతుంది. దారి తిన్నగా ఉంటే ఒకసారే తిరిగేది. గుండ్రని దారిలో ప్రదక్షిణ చేసినందుకు మరొక చుట్టు కలుస్తుంది. కాబట్టి "శాట్" ప్రశ్నకు సరైన జవాబు 3 కాదు, 4.

చిత్రమేమిటంటే, ఇచ్చిన అయిదు జవాబులలో 4 లేనేలేదు. సుమారు మూడు లక్షల మంది ఆ పరీక్ష రాస్తే, పొరపాటును కనిపెట్టి కాలేజీ బోర్డుకు తెలియజేసినవారు ముగ్గురే విద్యార్థులు. బోర్డువారు తప్పు ఒప్పుకుని, ఆ ప్రశ్న తీసివేసి, మార్కులు మళ్లీ లెక్కకట్టారు.

2024 నుంచి అమెరికాలో కూడా "శాట్" కంప్యూటర్ మీదే జరుగుతున్నది. మార్కులు 400 నుంచి 1600 దాకా ఉంటాయి. ఒక్కొక్క విభాగంలో మొదటి భాగం ఎలా చేశారో చూసి, రెండోభాగంలో కష్టమైన ప్రశ్నలో సులువైనవో ఇస్తారు. అయినా రాయిని తూచటం ఆగలేదు. డబ్బున్నవారు శిక్షణ కొనుక్కోగలరు గనక ఇది పేదలకు అన్యాయమని కొందరంటారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2021 నుంచి విద్యార్థులను చేర్చుకునేటప్పుడు ఈ మార్కులు చూడటం మానేసింది. కరోనా కాలంలో ఈ నియమం సడలించిన ఎం.ఐ.టి. మటుకు 2022లో మళ్లీ పరీక్ష కావాలన్నది. మంచి వసతులు లేని బడిలో చదివినా లెక్కలు బాగా వచ్చిన పిల్లలను గుర్తించటానికి ఇది పనికివస్తున్నదని వారి మాట.

తల్లిదండ్రులు గమనించవలసింది ఇదే. మార్కులు కొంత చెబుతాయి, అంతా చెప్పవు. బియ్యం తూచే రాయితో పాల చిక్కదనం తెలియదు. రెండు గంటల పరీక్ష పిల్లవాడి ఓర్పును, మంచితనాన్ని, పనితనాన్ని తూచలేదు. అలా అని పరీక్షను తిట్టుకుంటూ చదవటం మానటమూ తెలివి కాదు.

పిల్లలూ, మీకొక ప్రశ్న. రూపాయి బిళ్లకు సరిగ్గా రెండింతల వెడల్పున్న గుండ్రని అట్టముక్కను కత్తిరించండి. దాని అంచు చుట్టూ బిళ్లను దొర్లిస్తే ఎన్నిసార్లు తిరుగుతుంది? ముందు లెక్క వేసి, తరవాత దొర్లించి సరిచూసుకోండి. జవాబు ఇక్కడ అచ్చువేయటం లేదు.