నూరేండ్ల గడువు ఎవరిచ్చిరి?

“1918 నాటి విషజ్వరమునకును కరోనాకును నడుమ నూరేండ్లు గడచినవి గదా, ఇక మనుమల కాలమువరకు మనకు భయము లేదు” అను మాట పర్చూరు టీ బడ్డీల మొదలు మిరప కల్లముల దాక, చదివినవారి నోటను చదువనివారి నోటను సమానముగనే వినవచ్చుచున్నది. వేడుకమాటయే యైనచో నవ్వి యూరకుందుము. కాని యీ ధీమాయే కార్యాలయములలో ప్రవేశించి, ఆపత్కాలమున తాత్కాలికముగా నియమించిన సిబ్బందిని ఆపద తీరగనే ఇండ్లకు పంపించినప్పుడు నవ్వు రాదు.

ఈ లెక్క గట్టినవారు చరిత్రలో రెండు తేదీలు మాత్రమే చదివిరి. ఆ నడుమ 1957లో ఏషియా ఫ్లూ మద్రాసు రేవున దిగి దేశమంతట ప్రాకినది. 1968లో హాంకాంగు ఫ్లూ వచ్చినది. 2009లో స్వైన్ ఫ్లూ ఈ దేశమున తొలుత బయటపడినది హైదరాబాదులోనే. గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ఎయిడ్స్ కూల్చిన కాపురములను అప్పుడే మరచితిమా? ఏటేట నూటికొక వంతు అవకాశమున్న ఆపద ఒకసారి వచ్చిపోయినంతమాత్రమున మరుసటి యేడు ఆ వంతు తరిగిపోదు. 2021–22లో నల్లతామర పురుగు మిరపను ఊడ్చిపెట్టిన పిమ్మట, ఇక నూరేండ్లు రాదులెమ్మని జిగురు అట్టలను పెంటకుప్పలో పారవైచిన రైతు మన మండలమున ఎవడైన గలడా?

2021 మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో, ట్యాంకరు ఆలస్యమై ఆక్సిజన్ పీడనము తగ్గగా, పదునొకండుగురు రోగులు మరణించిరి. అట్టి భయముననే దేశమంతట గాలినుండి ఆక్సిజన్ తీయు పీఎస్ఏ ప్లాంట్లు వెలసినవి. వానిలోని జియోలైట్ గుళికలు నత్రజనిని పట్టి యుంచి ఆక్సిజన్‌ను వదలును. వాడక మాని, తేమ చేరనిచ్చినచో అవి చెడిపోవును. యంత్రము కొనుట ఒక్కనాటి ఖర్చు. నడుపు టెక్నీషియను జీతము, కరెంటు బిల్లు, ఫిల్టర్ల మార్పిడి ఏటేటి ఖర్చులు. మొదటిదానికి రిబ్బను కత్తిరించు ముచ్చట గలదు, రెండవదానికి లేదు. అందుచేతనే కాబోలు, మరమ్మతు లేక మూలబడిన ప్లాంట్లనుగూర్చి పలుచోట్లనుండి వార్తలు వచ్చినవి.

కారము తినువారికిని, రోహిణి యెండలకును రోగము రాదన్నవారికి 2021 మే మాసపు కరోనా మరణములే జవాబు. శానిటైజరును మద్యమే కదా యన్నవారికి 2020 జూలైలో శానిటైజరు త్రాగి పలువురు మరణించిన కురిచేడు జవాబు చెప్పినది.

“కరోనా ధ్యాసలో తక్కిన రోగములను గాలికి వదలినారు” అను ఆరోపణను మాత్రము, మనసొప్పకున్నను, చాలవరకు అంగీకరింపవలసియున్నది. 2019లో దేశమున నమోదైన క్షయరోగులు 24 లక్షలు. మరుసటి యేడు 18 లక్షలు. రోగము తగ్గలేదు, వెదకువారు కరవైరి. కరోనా జాబితాలు పట్టుకొని ఇంటింటికి తిరిగిన ఆశా కార్యకర్తయే కళ్ళె పరీక్షకును మనిషిని పంపవలసినది. ఒక్కతె రెండు పనులెట్లు చేయగలదు? దీనినుండి “కావున మహమ్మారికి సిద్ధపడుట దండుగ” అని తేల్చు పండితుల తర్కమునకు నమస్కారము.

కనుక గ్రామసభకు పోవువారు కొత్త భవనమును కోరుటకు ముందు, ఉన్న కేంద్రమున ఏ.ఎన్.ఎం. కొలువు ఖాళీగా నున్నదా, జ్వరముల లెక్క వారము వారము పైకి పోవుచున్నదా, ఆక్సిజన్ యంత్రమును కడపట ఎప్పుడు నడిపి చూచిరి అని యడుగుడు. పదునైదవ ఆర్థిక సంఘము 2021–26 కాలమునకు స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యమునకు 70,051 కోట్ల రూపాయలు సిఫారసు చేసినది. అందు మన మండలమునకు చేరినదెంత, సిమెంటునకు పోయినదెంత, పరీక్షలకు పోయినదెంత యని వ్రాతమూలకముగా అడుగుడు. ఇంట రెండు వారములు మించి దగ్గువారున్నచో సభ ముగియువరకు ఆగక, కళ్ళె పరీక్షకు తోడ్కొనిపొండు.