గట్టు మీద నుండి కొర్రమీనును పట్టుట

సాల్మన్ అను చేప ఏటిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టుటకు మరల ఏటికి వచ్చునని పాఠశాల విద్యార్థులకు కూడ తెలిసిన విషయమే. కాని ఈ జాతిలో సముద్రం మొగమే చూడని తెగలు కొన్ని కలవు. హిమయుగం ముగిసిన తరువాత, సముద్రమునకు రాకపోకలు తగ్గిన సరస్సులలో అవి స్థిరపడిపోయినవి. అమెరికాలోని మేన్ రాష్ట్రపు సెబాగో సరస్సు, స్వీడన్ దేశపు వేనెర్న్ సరస్సు అట్టి చేపలకు పేరు పొందినవి. వాటికి సరస్సే సముద్రం. అందులోనికి వచ్చి కలియు వాగులే పురిటిళ్లు.

ఈ చేపను ఒడ్డు మీద నుండి గాలంతో పట్టువారు వసంతకాలం కొరకు కనిపెట్టుకొని ఉందురు. మంచు కరగిన దినాలలో పైనీరు చల్లగా ఉండును. సాల్మన్లు తిను చిన్నచేపలు గుడ్లు పెట్టుటకు వాగు మొగలకు చేరును. వాటి వెంట సాల్మన్లు కూడ గట్టు దరికి వచ్చును. ఎండలు ముదిరి పైనీరు వెచ్చబడగానే సాల్మన్ లోతునకు దిగిపోవును. ఇక ఒడ్డున నిలబడి విసరిన గాలం దానికి అందదు.

దీనికి కారణం నీటిలో కరగిన ప్రాణవాయువు. పది సెంటీగ్రేడు డిగ్రీల చల్లని నీరు లీటరునకు సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకొనగలదు. ముప్పది డిగ్రీల నీటిలో ఏడున్నర మిల్లీగ్రాములకు మించి ఇమడదు. పైగా నీరు వెచ్చనైన కొలది చేప శరీరమునకు కావలసిన ప్రాణవాయువు పెరుగును. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారం వంటిదే అది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల ఎండలలో సాల్మన్ ఒక వేసవి కూడ గడుపలేదు.

అయితే ఈ మూడు ఊళ్ల చుట్టు నీటికి కొదువ లేదు. సూర్యాపేట దాపున మూసీ జలాశయం ఉన్నది. 1967లో నాగార్జునసాగరం నుండి నీరు వదలిన పిదప ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలను తడుపుచున్నది. వాడపల్లి వద్ద మూసీ కృష్ణలో కలియుచున్నది. ఇవి గాక ఊరూర కాకతీయుల నాటి సంప్రదాయపు చెరువులు ఉండనే ఉన్నవి. ఈ నీళ్లలో బొచ్చె, రోహు, మ్రిగాల వంటి పెద్దచేపలు పెరుగును గాని, ఒక విషయంలో అవి కూడ సాల్మన్ వలె పారునీటికి బానిసలే: చెరువులోని నిలువనీటిలో అవి గుడ్లు పెట్టవు. అందువలన ఏటేట పిల్లలను తెచ్చి వదలవలసి వచ్చుచున్నది. 1957 జూలైలో ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అను శాస్త్రజ్ఞుడు పీయూషగ్రంథి రసమును సూదితో ఎక్కించి ఈ జాతి చేపలచే గుడ్లు పెట్టించిన తరువాతనే ఆ పిల్లల ఉత్పత్తి మన చేతిలోనికి వచ్చినది.

ఏ ఏటితోను పని లేక, పుట్టుట మొదలు పెరుగుట వరకు అంతయు చెరువులోనే జరుపుకొను చేప కొర్రమీను. దీనినే కొరమట్ట అని కూడ అందురు. తెలంగాణ రాష్ట్రపు చేప ఇదే. ఒడ్డున కూర్చున్నవానికి ఏడాది పొడుగున అందుబాటులో ఉండునది కూడ ఇదే. దానికి కారణమేమనగా, ఇది నీటిలోని ప్రాణవాయువుపై మాత్రమే ఆధారపడదు. మొప్పలకు పైగా తలలో దీనికి రెండు గదులున్నవి. వాటి గోడలలో నెత్తురునాళాలు దట్టంగా అల్లుకొని ఉండును. చేప పైకి వచ్చి గాలిని గుటక వేసి ఆ గదులలో నింపుకొనును. కొన్ని నిమిషాలకొకసారి ఈ గుటక తప్పదు. వలలో చిక్కి పైకి రాలేకపోయిన కొర్రమీను నీటిలోనే ఊపిరాడక చచ్చును. చేప నీట మునిగి చచ్చుట వింతగా తోచవచ్చును గాని, ఇది యథార్థం. తడిగోనెలో కప్పి బతికిన చేపనే సంతకు చేర్చగలుగుట కూడ ఈ గదుల చలవయే.

గాలం వేయువానికి ఈ గుటకయే జాడ చూపును. తుంగ, తామర పెరిగిన మోకాటి లోతు నీటిలో "టప్" మను చప్పుడు, వెంట ఒక చిన్న సుడి, రెండు మూడు బుడగలు కనబడినచో అక్కడ కొర్రమీను ఉన్నదన్నమాట. అది వేటాడుచు తిరుగు చేప కాదు. మాటు వేయు చేప. కావున ఎరను దూరంగా, లోతుగా విసరి ప్రయోజనం లేదు. కలుపు మొక్కల అంచున, ఒడ్డుకు రెండు మూడు బారల లోపల, చిన్నకప్పనో చిరుచేపనో నీటిపై తేలియాడునట్లు ఆడించవలెను. వానపాముకు చిన్నవే ఎక్కువగా పడును. దారం గట్టిది కావలెను. ఏలయన తగులుకొన్న చేప మొదట చేయు పని తుంగదుబ్బులో దూరుట.

అలవాటుపడిన వారు కట్టపై నిలబడరు, దిగువన కూర్చుందురు. ఇందులో మంచి భౌతికశాస్త్రమే ఉన్నది. నీటిలో ప్రవేశించునపుడు కాంతి వంగుటచేత పైప్రపంచమంతయు చేపకు సుమారు 97 డిగ్రీల శంకువులో ఇమిడి కనబడును. నిలబడిన మనిషి ఆ కిటికీలో నిండుగా కనబడును; నేలకంటుకొని కూర్చున్నవాడు దాని అంచున నలిగిపోయి ఆనవాలు తెలియకుండును. అడుగుల చప్పుడు వేరే సంగతి. చేప పక్కల మీదుగా పోవు గీత నీటిలోని అదరును పసికట్టును. కట్ట మీద మాట్లాడుకొనుటకంటె కాలు తాటించి నడచుటయే ఎక్కువ చెరుపు.

ఇంతవరకు నేర్పు. ఇక తొలకరి సంగతి వేరు. మృగశిర కార్తె మొదలు వానలు పడి చెరువు శిఖంలోనికి కొత్తనీరు ఎక్కినపుడు కొర్రమీను జంట కలుపు మొక్కల నడుమ కొంత చోటు శుభ్రపరచుకొని గుడ్లు పెట్టును. పసుపుపచ్చని ఆ గుడ్లు నీటిపై తేలును. ఒకటి ఒకటిన్నర దినంలో పిల్లలగును. కొన్నాళ్లకు పిల్లలు ఎర్రబారి, వందలు వేలుగా ముద్దగట్టి తిరుగును. గాలికొరకు అవి గుంపుగా పైకి వచ్చినపుడు, నీటిపై కుంకుమ చల్లి కదిపినట్లుండును. తల్లిదండ్రులు ఆ ముద్ద కింద కాపలా తిరుగును. కప్ప గాని, మరొక చేప గాని, మనిషి వేలు గాని దగ్గరకు వచ్చినచో మీద పడి కరచును.

ఇది తెలిసినవాడు ఎర్రముద్దను వెదకి దాని మధ్యలో గాలం వేయును. ఆకలి లేకున్నను చేప కరచును. అది తిండికి కాదు, పిల్లలకొరకు. ఒక్క పూటలో ఆడ, మగ రెండును చిక్కుట కలదు. అంత తేలికగా చేప పడు కాలం మరొకటి లేదు, అంత నష్టమైన వేటయు మరొకటి లేదు. కాపలా పోయిన పిల్లలను వాలుగలు, మార్పులు, నీటిపాములు, కొంగలు మిగల్చవు. ఆ రోజు బుట్టలో పడినది రెండు చేపలే గాని, మరుసటి ఏటి చెరువునుండి పోయినది ఒక గుంపు. బొచ్చెకు, రోహుకు బయటినుండి పిల్లలు వచ్చును; చాల చెరువులలో కొర్రమీనుకు ఆ కాపలా జంటయే పిల్లల కేంద్రం. చెరువును పట్టిన మత్స్యకారుల సంఘానికి ఈ లెక్క నేరుగా తగులును. మిగతా చేపలకంటె కొర్రమీనుకు ధర హెచ్చు. సంఘం అనుమతి లేక గాలం వేయుట అట్లుంచి, అనుమతి ఉన్నవాడు కూడ ఎర్రముద్ద కనబడినచోట గాలం తీసివేయుట మంచిది.

మృగశిర నాడు హైదరాబాదులో ఆయాసరోగులచే మింగించునది కూడ ఈ కొర్రమీను పిల్లనే. దానివలన వ్యాధి నయమగునని శాస్త్రీయంగా రుజువు కాలేదు.

పిల్లలు నాలుగైదు సెంటీమీటర్లు పెరుగునప్పటికి ఎరుపు పోయి మట్టిరంగు తిరుగును, గుంపు విడిపోవును, పెద్దవి వాటిని పట్టించుకొనుట మానును. సామాన్యంగా మత్తడి దుముకుట ఆగి నీరు తేటపడు సమయానికి ఈ పని ముగియును. అక్కడినుండి మరల తొలకరి వరకు గాలం వేయుటకు అడ్డులేదు. వేసవిలో చెరువు ఎండి నీరు గుంటలకు దిగినపుడు కొర్రమీను తడిబురదలో ఒదిగి, గాలి పీల్చుకొనుచు వానకొరకు కాచుకొనును. అప్పుడు దానిని పట్టుటకు గాలం పనికిరాదు, పార కావలెను.