పాత ఆటకి కొత్త పోపు

మధ్యాహ్నం రెండు గంటలు. వంటిల్లు సర్దడం అయిపోయింది. దండెం మీద బట్టలు ఇంకా ఆరలేదు. పిల్లలు స్కూలు నుంచి రావడానికి మరో రెండు గంటలుంది. ఈ రెండు గంటలూ మీరేం చేస్తారు? ఓ సీరియల్, లేకపోతే ఓ కునుకు, అంతేకదూ! నేను మాత్రం ఈమధ్య ఒక దీవికి వెళ్ళొస్తున్నాను. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

ఆ దీవి పేరు వార్డెన్‌ఫెల్. అది కంప్యూటర్లో ఉంది. మా అబ్బాయి కాలేజీలో చదివే రోజుల్లో రాత్రి పొద్దుపోయేదాకా ఆడుతూ కూర్చునేవాడు. “అన్నం చల్లారిపోతోందిరా” అని నేను కేకలెయ్యడం, “ఒక్క నిమిషం అమ్మా” అని వాడనడం రోజూ ఉండేదే. ఇప్పుడు వాడు ఉద్యోగం పేరుతో దూరాన ఉన్నాడు. వాడి గది, వాడొదిలేసిన కంప్యూటరూ మిగిలాయి. ఒకరోజు దుమ్ము దులుపుతూ, అసలు ఇందులో ఏముందని ఇంతసేపు కూర్చునేవాడో చూద్దామని మీట నొక్కాను. అలా మొదలైందండీ.

ఈ వయసులో ఆటలేమిటని మావారు నవ్వారు. కానీ నేర్చుకున్నాక తెలిసింది, ఇది పిల్లలాటేమీ కాదు. ఓపిగ్గా చదువుకుంటూ, ఊరూరూ తిరుగుతూ ఆడుకునే ఆట. మనలాంటి వాళ్ళకి నప్పే ఆట. కాకపోతే మొదట్లో కంప్యూటర్లో దాన్ని సరిగ్గా అమర్చుకోవాలి. నేను పొరపాట్లు చేసి నేర్చుకున్నది మీకు తేలిగ్గా చెబుతాను.

ఏమిటీ ఆట?

దీని పేరు “ది ఎల్డర్ స్క్రోల్స్ 3: మారోవిండ్”. అమెరికాలోని బెథెస్డా సంస్థ 2002లో విడుదల చేసింది. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. అంటే మనమొక పాత్ర వేసుకుని ఆ లోకంలో బతకడమన్నమాట. యోధురాలు కావచ్చు, మంత్రగత్తె కావచ్చు, దొంగ కూడా కావచ్చు!

దీవి నడిమధ్యన రెడ్ మౌంటెన్ అనే అగ్నిపర్వతం ఉంటుంది. అటువైపు వెళితే బూడిద గాలులు కొడతాయి. ఇంకోచోట చెట్లంత పుట్టగొడుగులు, వాటిలోనే మాంత్రికుల ఇళ్ళు. ఊరి నుంచి ఊరికి వెళ్ళాలంటే బస్సులుండవు, సిల్ట్ స్ట్రైడర్ అనే పెద్ద పురుగు మీద ఎక్కిస్తారు. డబ్బులిచ్చి ఎక్కాలి సుమండీ!

మరో విశేషం. ఇప్పటి ఆటల్లో ఎటు వెళ్ళాలో బాణం గుర్తు చూపిస్తుంది. ఇందులో అదేమీ లేదు. “వంతెన దాటు, రెండు దారులు చీలినచోట ఎడమకి తిరుగు” అని ఊళ్ళోవాళ్ళు దారి చెబుతారు. మన పల్లెటూళ్ళల్లో రావిచెట్టు గుర్తు పెట్టుకుని వెళ్ళినట్టు, మనమే వెతుక్కుంటూ వెళ్ళాలి.

మాటలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. చాలావరకు తెరమీద చదువుకోవలసినవే. దానికి భయపడకండి. ఎవరితోనైనా మాట్లాడుతున్నంతసేపూ ఆటలో కాలం ఆగిపోతుంది. పక్కన డిక్షనరీ పెట్టుకుని తీరిగ్గా చదువుకోవచ్చు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే లేచి వెళ్ళి రావచ్చు కూడా.

కావలసినవి

• ఆట: “గేమ్ ఆఫ్ ది ఇయర్ ఎడిషన్” తీసుకోండి. స్టీమ్, జీఓజీ అనే ఇంటర్నెట్ దుకాణాల్లో దొరుకుతుంది. తర్వాత వచ్చిన ట్రిబ్యునల్ (2002), బ్లడ్‌మూన్ (2003) అనే రెండు అనుబంధాలు కూడా అందులోనే ఉంటాయి. పండగ రోజుల్లో ధర బాగా తగ్గిస్తుంటారు, అప్పుడు కొనుక్కోండి.
• కంప్యూటర్: ఇంట్లో మామూలు ల్యాప్‌టాప్ ఉంటే చాలు. పాత ఆట కాబట్టి ఖరీదైనది అక్కర్లేదు. మౌస్ మాత్రం విడిగా ఉండాలి.
• ఓపెన్‌ఎమ్‌డబ్ల్యూ: ఇది ఉచితం.
• ఒక నోటు పుస్తకం, పెన్ను.

ఓపెన్‌ఎమ్‌డబ్ల్యూ ఏమిటంటారా? ఆటలోని ఊళ్ళు, మనుషులు, మాటలు బియ్యం, పప్పు అనుకోండి. వాటిని వండే పొయ్యిని ఇంజన్ అంటారు. ఆటతో వచ్చే పొయ్యి 2002 నాటిది. ఇప్పటి కంప్యూటర్ల మీద ఒక్కోసారి మొరాయిస్తుంది. అందుకని 2008లో కొందరు ఔత్సాహికులు కొత్త పొయ్యి కట్టడం మొదలుపెట్టారు. అదే ఓపెన్‌ఎమ్‌డబ్ల్యూ. పొయ్యి వాళ్ళు ఊరికే ఇస్తారు, బియ్యం మాత్రం మనమే కొనుక్కోవాలి. అందుకే అసలు ఆట తప్పనిసరి.

అమర్చే విధానం

1. ముందుగా సి డ్రైవ్‌లో ఆటల కోసం వేరే ఫోల్డర్ తయారు చేసుకోండి. పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి. ఆటని అందులోకే ఎక్కించండి. “ప్రోగ్రామ్ ఫైల్స్” అనే ఫోల్డర్‌లో మాత్రం వద్దు. విండోస్ ఆ ఫోల్డర్‌కి కాపలా కాస్తుంటుంది. తర్వాత మనం ఏ ఫైలు మార్చబోయినా అడ్డుపడుతుంది.

2. ఎక్కించాక ఆటని ఒక్కసారి తెరిచి మూసెయ్యండి.

3. ఇప్పుడు ఓపెన్‌ఎమ్‌డబ్ల్యూ ఎక్కించండి. “నీ దగ్గర ఆట ఎక్కడుంది?” అని అడుగుతుంది. ఇందాకటి ఫోల్డర్ చూపిస్తే మిగతాది అదే చూసుకుంటుంది.

4. లాంచర్ తెరిస్తే ఫైళ్ళ జాబితా ఉంటుంది. అందులో మారోవిండ్, ట్రిబ్యునల్, బ్లడ్‌మూన్ మూడింటికీ టిక్కు పెట్టి “ప్లే” నొక్కండి.

అంతే! మొదటి వారం మరేమీ కలపకండి. కొత్త బియ్యం తెచ్చినప్పుడు ముందు వట్టి అన్నం వండి చూస్తాం కదా, ఇదీ అంతే. అసలు రుచి తెలిస్తేగానీ ఏది తక్కువైందో తెలీదు.

మొదటి రోజు ఇలా ఆడండి

మీరు ఖైదీగా ఓడ దిగి సేడా నీన్ అనే చిన్న రేవు ఊరికి చేరతారు. పేరు అడుగుతారు. తర్వాత ఆఫీసులో మీరెలాంటివారో రాసుకుంటారు. ప్రశ్నలకి జవాబులిచ్చి తేల్చుకునే పద్ధతి ఎంచుకుంటే కొత్తవాళ్ళకి హాయి.

అందరూ మొదట చేసే ఫిర్యాదు ఒక్కటే. “కత్తితో ఎన్నిసార్లు కొట్టినా తగలడం లేదు!” నేనూ ఒక ఎలుక చేతిలో నాలుగుసార్లు చచ్చాను. దీనికి రెండు కారణాలు. మీ పాత్రకి ఏ ఆయుధంలో నేర్పు ఉందో అదే పట్టుకోవాలి. పొడుగు కత్తి నేర్చినవాళ్ళు బాకు పట్టుకుంటే దెబ్బ పడదు. రెండోది, తెర కింద ఆకుపచ్చ గీత చూడండి. అది ఒంట్లో ఓపిక. పరిగెత్తిన కొద్దీ తగ్గిపోతుంది. అది తగ్గితే దెబ్బలూ తప్పిపోతాయి. కాబట్టి పోట్లాటకి ముందు నిలబడి ఊపిరి తీసుకోండి.

ఆఫీసు పెరట్లో ఒక పీపాలో ఉంగరం దొరుకుతుంది. అది ఊళ్ళోని ఫార్గోత్ అనే అతనిది. తిరిగిచ్చేస్తే అతనికీ, అక్కడి అంగడివాడికీ మీమీద అభిమానం పెరుగుతుంది. తర్వాత పురుగు బండెక్కి బాల్మోరా అనే ఊరు వెళ్ళండి. అక్కడ కాయస్ కొసాడెస్‌కి మీ చేతికిచ్చిన పొట్లం అందజెయ్యాలి. కథ అక్కడి నుంచి నడుస్తుంది.

ఎఫ్5 నొక్కితే అక్కడిదాకా ఆడిన ఆట భద్రమవుతుంది. ఎఫ్9 నొక్కితే తిరిగి అక్కడికొస్తారు. గుమ్మం దాటే ముందల్లా ఎఫ్5 నొక్కడం అలవాటు చేసుకోండి.

మోడ్ అంటే పోపు

ఈ ఆటతో పాటే దాన్ని మార్చుకునే పనిముట్టు కూడా బెథెస్డా వాళ్ళు ఇచ్చారు. దాంతో ఆడేవాళ్ళే కొత్త ఊళ్ళు, కొత్త ఇళ్ళు, కొత్త కథలు చేసి ఉచితంగా పంచుకుంటున్నారు. వీటిని మోడ్‌లంటారు. 20 ఏళ్ళు దాటినా ఆ పని ఆగలేదు. ఎక్కువగా నెక్సస్ మోడ్స్ అనేచోట దొరుకుతాయి. పేరు నమోదు చేసుకుంటే చాలు, డబ్బు కట్టక్కర్లేదు.

మొదటగా “ప్యాచ్ ఫర్ ప్యూరిస్ట్స్” కలపండి. ఇది ఆట రుచి మార్చదు. అసలు ఆటలో మిగిలిపోయిన తప్పుల్ని ఏరేస్తుంది, బియ్యంలో రాళ్ళేరినట్టు. రెండోది “మారోవిండ్ ఎన్‌హాన్స్‌డ్ టెక్స్‌చర్స్”. గోడలు, నేల, బట్టలు పాతబడి మసగ్గా కనిపిస్తాయి కదా, వాటిని స్పష్టంగా చూపిస్తుంది. కొత్తవాళ్ళకి ఈ రెండూ చాలు.

కొన్నాళ్ళు ఆడాక “టామ్రియల్ రీబిల్ట్” కలుపుకోండి. మారోవిండ్ అనే రాజ్యంలో 2002 నాటి ఆట చూపించింది దీవి ఒక్కటే. చుట్టూ ఉన్న ప్రధాన భూభాగాన్ని ఎందరో కలిసి ఏళ్ళ తరబడి, జీతం భత్యం లేకుండా కడుతూ వస్తున్నారు. దానికి “టామ్రియల్ డేటా” అనే మరో మోడ్ కూడా కావాలి, మరిచిపోకండి.

కలిపే పద్ధతి ఇది. ఒక్కో మోడ్‌కి ఒక్కో ఫోల్డర్, పొడులకి వేరువేరు డబ్బాలు పెట్టుకున్నట్టు. ఆ ఫోల్డర్‌ని లాంచర్‌కి చూపించి, మోడ్‌కి జాబితాలో పేరుంటే టిక్కు పెట్టండి. బొమ్మలు మార్చే మోడ్‌లకి ఒక్కోసారి టిక్కు పెట్టేందుకు పేరే ఉండదు, ఫోల్డర్ చూపిస్తే చాలు.

వరుస చాలా ముఖ్యం. అసలు ఆట ఫైళ్ళు మూడూ పైన, ఆ తర్వాత ప్యాచ్, తర్వాత టామ్రియల్ డేటా, టామ్రియల్ రీబిల్ట్, చివర చిన్నాచితకా. రెండు మోడ్‌లు ఒకే వస్తువుని మార్చబోతే జాబితాలో కిందున్నదే చెల్లుతుంది.

ప్రతి మోడ్‌తోనూ “రీడ్‌మీ” అని ఓ కాగితం ఉంటుంది. ముందు అది చదవండి. అందులో “ఎమ్‌డబ్ల్యూఎస్ఈ కావాలి” అనో “ఎమ్‌జీఈ ఎక్స్ఈ కావాలి” అనో ఉంటే వదిలెయ్యండి. అవి పాత పొయ్యి కోసం చేసినవి. ఓపెన్‌ఎమ్‌డబ్ల్యూ మీద ఉడకవు.

నేను చేసిన పని

ఇదంతా ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే...

మా వాడి కంప్యూటర్లో, పాత పొయ్యి మీదే, వాడు దాచుకున్న ఆట ఉంది. తెరిచి చూస్తే వాడికి బాల్మోరాలో ఒక ఇల్లు. ఇల్లంతా పుస్తకాలు! ఈ ఆటలో పుస్తకాలు వందల్లో ఉంటాయి, తెరిచి చదువుకోవచ్చు. ఊరూరా తిరిగి ఏరుకొచ్చి, బల్ల మీదా నేల మీదా వరసలుగా పేర్చుకున్నాడు. అచ్చం వాడి గదిలాగే ఉంది.

చూసి ఊరుకోవచ్చు కదా! తల్లిని కదండీ, సర్దబుద్ధయింది. ఇంటికి పుస్తకాల బీరువాలు తెచ్చిపెట్టే మోడ్ ఒకటి కనిపిస్తే ఎక్కించాను. రెండు మధ్యాహ్నాలు కూర్చుని ఒక్కో పుస్తకం తీసి బీరువాల్లో పెట్టాను. వాడు పెట్టుకున్న పేరు మీదే ఆటని భద్రం చేశాను. తర్వాత ఆ మోడ్ వల్ల తలుపు దగ్గర ఏదో అడ్డొస్తోందని టిక్కు తీసేశాను. ఆట తెరిచాను.

బీరువాలు లేవు. బీరువాలు మోడ్‌వి కాబట్టి మోడ్‌తోపాటే పోయాయి. వాటిలో పెట్టినవన్నీ వాటితోనే పోయాయి. అది తెలియక ఆ ఖాళీ ఇంటినే మళ్ళీ భద్రం చేశాను. పాతది ఇంకెక్కడా మిగల్లేదు.

ఆ రాత్రి ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు. అయినా చెప్పాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత “అమ్మా, నువ్వు బాల్మోరా దాకా వెళ్ళావా?” అన్నాడు. “నీ ఇంటికే వెళ్ళానురా, నా పాత్ర ఇంకా రేవు ఊళ్ళోనే ఉంది” అన్నాను. “పుస్తకాలదేముందిలే, నీ ఆట నువ్వు మొదలుపెట్టు” అన్నాడు. అన్నాడేగానీ, ఆ గొంతు నాకు తెలియదూ!

గుర్తుంచుకోండి

• మోడ్ కలిపే ముందు, తీసే ముందు, భద్రం చేసిన ఆటల ఫోల్డర్‌ని వేరేచోట కాపీ చేసుకోండి. ఓపెన్‌ఎమ్‌డబ్ల్యూలో అది “డాక్యుమెంట్స్”లో, “మై గేమ్స్” లోపల ఉంటుంది. పాత ఆటలో అయితే ఆట ఫోల్డర్‌లోనే “సేవ్స్” అని ఉంటుంది.
• పిల్లలు దాచుకున్న ఆట మీద మీది రాయకండి. వేరే పేరు పెట్టుకోండి.
• ఒకసారి ఒక్క మోడే కలపండి. కాసేపు ఆడి చూశాకే రెండోది. ఏదైనా తేడా వస్తే దేనివల్లో ఇట్టే తెలుస్తుంది.
• ఆట మధ్యలో మోడ్ తియ్యకండి. తియ్యక తప్పకపోతే, అందులో దాచిన వస్తువులు ముందుగా బయటికి తెచ్చుకోండి.
• ఏ మోడ్ ఏ రోజు కలిపారో నోటు పుస్తకంలో రాసుకోండి.

ఇప్పుడు నాకూ బాల్మోరాలో ఒక మంచం, నేల మీద వరసగా పదకొండు పుస్తకాలూ ఉన్నాయి. బీరువా పెట్టలేదు. ఇదివరకు ఆదివారం మా వాడు ఫోన్ చేస్తే “తిన్నావా, ఆరోగ్యం ఎలా ఉంది” తర్వాత ఇద్దరికీ మాటలుండేవి కావు. ఇప్పుడు “ఎంతవరకు వచ్చావమ్మా?” అని అడుగుతున్నాడు. దారి మాత్రం చెప్పడు. “వంతెన దగ్గర ఎవరినైనా అడుగు” అంటాడు.