ఖాళీ పురుగుమందు డబ్బాతో జాగ్రత్త!

పురుగుమందు డబ్బాను కడిగి నూనెకో, నీళ్లకో వాడుతున్నారా? ఎంత కడిగినా ప్లాస్టిక్‌లో విషం మిగులుతుంది. 2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది బడిపిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్లు పరీక్షల్లో తేలింది.

ఈ మందు నరాల పనిని దెబ్బతీస్తుంది. నోటి ద్వారానే కాదు, చర్మం ద్వారా కూడా ఒంట్లోకి ఎక్కుతుంది. చొంగ, చెమటలు, వాంతులు, ఆయాసం, కంటిపాప చిన్నదవడం దీని లక్షణాలు.

అప్పుడు ఏం చేయాలి? మందు పడిన బట్టలు విప్పి, ఒంటిని సబ్బునీళ్లతో కడగండి. వాంతి చేయించవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. మందు డబ్బాను కవరులో పెట్టి తెచ్చి డాక్టరుకు చూపించండి. ఆలస్యం లేకుండా అట్రోపిన్ ఇంజెక్షన్ పడితే ప్రాణం దక్కే అవకాశం ఎక్కువ.

ఖాళీ డబ్బాకు చిల్లులు పొడవండి. ఇక దాన్ని ఎవరూ వాడలేరు.